ఢిల్లీ లా ఫర్మ్ నుంచి ట్రేడ్‌మార్క్ నోటీసు వస్తే ఏం చేయాలి

మందపాటి కవరు, స్పీడ్ పోస్టులో వస్తుంది. లోపల పద్నాలుగు పేజీల ఇంగ్లిషు, దాని వెనక యాభై పేజీల జిరాక్సులు. మీరు తెనాలిలోనో తణుకులోనో కారప్పొడులు, పచ్చళ్ళు ప్యాక్ చేసి అమ్ముకుంటూ ఉంటారు. మీ ప్యాకెట్ మీది పేరు తమ క్లయింటుదని, ఏడు రోజుల్లో ఆ పేరు మానేసి, ఉన్న సరుకంతా అప్పగించి, చివర జతచేసిన హామీపత్రం మీద సంతకం పెట్టి పంపాలని, లేకపోతే కోర్టుకు వెళ్తామని ఆ ఉత్తరం చెబుతుంది.

ఇలాంటి ఉత్తరాలు కొన్నేళ్ళు నేనే రాశాను. ఢిల్లీలో ఒక పెద్ద ఫర్మ్‌లో జూనియర్‌గా నా పని అదే. ఇప్పుడు ఇక్కడ ఆ కవర్లు అందుకున్నవాళ్ళ తరఫున పనిచేస్తున్నాను. అందుకే ఒక మాట ధైర్యంగా చెప్పగలను. ఆ పద్నాలుగు పేజీలకన్నా మీ అటక మీద ఉన్న పాత బిల్లుబుక్కు బలమైనది కావచ్చు. దాన్ని దుమ్ము దులిపి బయటికి తీసేలోపు మీరు ఏం మాట్లాడతారు, ఏం రాస్తారు అన్నదాని మీదే సగం కేసు ఆధారపడి ఉంటుంది.

కవరు రాకముందు ఏం జరిగిందో తెలుసుకోండి

ఈ పని చేసే ఫర్మ్‌లు నిన్న మొన్న పుట్టినవి కావు. రెమ్‌ఫ్రీ అండ్ సాగర్ 1827లో కలకత్తాలో మొదలైంది. ఆనంద్ అండ్ ఆనంద్ 1923 నాటిది. ఇలాంటి చోట్ల పని ముక్కలుగా పంచుకుంటారు. దరఖాస్తులు వేసేవాళ్ళు వేరు, కేసులు నడిపేవాళ్ళు వేరు. కోర్టులో లేచి వాదించే సీనియర్‌ను చాలాసార్లు బయటినుంచి పెట్టుకుంటారు. ప్రతి సోమవారం, కొత్త దరఖాస్తులను ప్రచురించే ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ జర్నల్ వస్తుంది. అందులో తమ క్లయింట్ల పేర్లకు దగ్గరగా ఏమైనా కనిపిస్తున్నాయా అని వెతకడానికే కొందరుంటారు. రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు పెట్టుకుని, దానివల్లే వాళ్ళ కంట్లో పడ్డవాళ్ళు నాకు చాలామంది తెలుసు. దరఖాస్తు పెట్టడం తప్పని కాదు, కనిపించడం అలా మొదలవుతుందని చెబుతున్నాను.

మీరు కంట్లో పడ్డాక ఒక ఇన్వెస్టిగేటర్‌ను పంపుతారు. అతను మామూలు కొనుగోలుదారులా వస్తాడు, లేదా ఫోన్ చేస్తాడు. ‘ఎన్నాళ్ళ నుంచి అమ్ముతున్నారండీ? ఎక్కడెక్కడికి పంపుతారు? ఢిల్లీకి ఒక అరకిలో పంపగలరా?’ అని అడుగుతాడు. మీరు సంతోషంగా కొరియర్ చేస్తారు. ఆ కొరియర్ రసీదు, ప్యాకెట్ ఫొటో, మీ వాళ్ళు చెప్పిన మాటలు అన్నీ అతని అఫిడవిట్‌లోకి వెళ్తాయి.

నా చేతుల మీదుగా పోయిన ఒక ఫైలు ఇప్పటికీ గుర్తుంది. ఇన్వెస్టిగేటర్ షాపులో కుర్రాడిని ‘ఎన్నాళ్ళయింది?’ అని అడిగాడు. ‘రెండేళ్ళయింది సార్’ అన్నాడు కుర్రాడు. వాడు చెప్పింది తాను పనిలో చేరి ఎన్నాళ్ళయిందో. దావాలో మాత్రం ‘ప్రతివాది రెండేళ్ళ కిందటే ఈ పేరుతో వ్యాపారం మొదలుపెట్టాడు’ అని పడింది. ఆ షాపు పెట్టి పద్దెనిమిదేళ్ళయిందని నిరూపించడానికి యజమానికి ఏడాది పట్టింది. కౌంటర్లో కూర్చునేవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి: వ్యాపారం ఎప్పటిదని ఎవరడిగినా ‘ఓనరుగారిని అడగండి’ అంటే చాలు.

మొదటి రోజు

కవరు పారేయకండి. దాని మీది పోస్టల్ ముద్ర, అందిన తేదీ తర్వాత పనికొస్తాయి. ఉత్తరం మొత్తం, జతచేసిన కాగితాలతో సహా స్కాన్ చేసి పెట్టుకోండి.

ఉత్తరం కింద ఫోన్ నంబరు ఉంటుంది. చేయకండి. మనవాళ్ళలో చాలామంది మొదట చేసేది ఇదే: ‘సార్, మాకు తెలియక పెట్టుకున్నాం, చిన్నవాళ్ళం, వదిలేయండి’ అని. అవతలి కుర్ర లాయరు మర్యాదగానే మాట్లాడతాడు, ఫోన్ పెట్టేశాక ఫైల్లో ఒక నోటు రాసుకుంటాడు. నేనూ రాశాను. ‘తెలియక పెట్టుకున్నాం’ అన్న మాట తర్వాత ‘తప్పు ఒప్పుకున్నారు’ అయి కూర్చుంటుంది. అదే మాట వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో పెడితే ఇక చెప్పక్కర్లేదు.

టెన్షన్‌లో లేబుల్ మార్చేయడం, ఫేస్‌బుక్ పేజీ తీసేయడం కూడా వద్దు. మీ పేజీలో 2012లో పెట్టిన సంక్రాంతి ఫొటో మీకు సాక్ష్యం కావచ్చు. దాన్ని మీ చేత్తో మీరే చెరిపేసుకోకండి. కొత్తగా లక్ష కవర్లకు ప్రింటింగ్ ఆర్డరు ఇచ్చి ఉంటే మాత్రం దాన్ని ఆపించండి.

హామీపత్రం మీద సంతకం గురించి తర్వాత చెబుతాను. ఇప్పటికి వద్దు.

వాళ్ళ రికార్డు తెరిచి చూడండి

దీనికి లాయరు కూడా అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఐపీ (మేధోసంపత్తి) ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉంటుంది, ఉచితం. నోటీసులో వాళ్ళు ఇచ్చిన అప్లికేషన్ నంబర్లు ఒక్కొక్కటీ కొట్టి చూడండి. నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి.

ముందు స్టేటస్. నోటీసులో పది నంబర్లు ఇస్తారు, చదవగానే పదీ రిజిస్టర్ అయినట్టే ఉంటుంది. చూస్తే నాలుగింటికి ఆఫీసు అభ్యంతరం, రెండింటికి వేరేవాళ్ళ వ్యతిరేకత, ఒకటి రెన్యువల్ చేయక తీసేశారు అని ఉండొచ్చు. రిజిస్ట్రేషన్ పదేళ్ళకోసారి రెన్యువల్ చేసుకోవాలి.

తర్వాత క్లాసు, అంటే సరుకు రకానికి ఇచ్చే నంబరు. కారాలు, మసాలాలు 30వ క్లాసు. పచ్చళ్ళు సాధారణంగా 29. వాళ్ళ రిజిస్ట్రేషన్ ఏ సరుకుకో చూడండి. సబ్బులకు తీసుకున్న పేరుతో కారప్పొడిని ఆపడం అంత తేలిక కాదు. అయితే పేరు దేశమంతా తెలిసినదైతే వేరే సరుకుల మీద కూడా హక్కు అడగొచ్చు.

మూడోది ఆ మార్కు మాటా, బొమ్మా అన్నది. మాటకే రిజిస్ట్రేషన్ ఉంటే బలం ఎక్కువ. లేబుల్ మొత్తానికి ఉండి, పక్కన ఫలానా మాట మీద ప్రత్యేక హక్కు లేదన్న షరతు ఉంటే, నోటీసులో ఆ షరతు ఊసు ఉండదు. మీరే వెతికి పట్టుకోవాలి.

నాలుగోదే అసలు సంగతి: వాడకం మొదలైన తేదీ. దరఖాస్తులో ఆ గడి ఉంటుంది. ఉత్తరంలో ‘మా క్లయింటు 1990 నుంచి వాడుతున్నారు’ అని ఉంటుంది. దరఖాస్తులో 2008 అనో, ‘ఇకముందు వాడబోతున్నాం’ అనో ఉంటుంది. ఈ తేడా దొరికితే ఆ పేజీని డౌన్‌లోడ్ చేసి భద్రంగా దాచుకోండి.

ఇంకొంచెం ఓపిక ఉంటే అదే సైట్‌లో వాళ్ళ దరఖాస్తుకు అప్‌లోడ్ చేసిన పత్రాలు కూడా తెరవండి. దరఖాస్తు పరిశీలనలో ప్రభుత్వం ‘ఇలాంటి పేరు ఇంకొకటి ఉంది కదా’ అని అడిగినప్పుడు వాళ్ళిచ్చిన జవాబు ఉంటుంది. ‘ఆ పేరూ మా పేరూ వేరు, జనం పొరబడరు’ అని అప్పుడు రాసి, ఇప్పుడు మీ మీద ‘దగ్గరగా ఉన్నా మోసమే’ అంటుంటే జడ్జిగారికి చూపించడానికి అంతకన్నా మంచి కాగితం ఉండదు. ఒకే ఫర్మ్‌లో ఆ జవాబు రాసినవాళ్ళూ ఈ నోటీసు రాసినవాళ్ళూ మాట్లాడుకోకపోవడం మీరనుకునేదానికన్నా మామూలు విషయం.

ఇక అటక ఎక్కండి

ట్రేడ్‌మార్క్ చట్టం 1999 నాటిది. అందులో సెక్షన్ 34 మీలాంటివాళ్ళ కోసమే ఉంది. అవతలివాళ్ళు ఆ పేరు వాడటం మొదలుపెట్టిన తేదీ, వాళ్ళు రిజిస్టర్ చేసుకున్న తేదీ, ఈ రెండింట్లో ఏది ముందైతే దానికన్నా ముందునుంచీ మీరు విడవకుండా వాడుతూ ఉంటే, రిజిస్ట్రేషన్ చూపించి మిమ్మల్ని ఆపలేరు. తిరునెల్వేలిలో ఇరుట్టుకడై హల్వా పేరు మీద నడిచిన తగాదాలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది: ముందు వాడినవారి హక్కు రిజిస్ట్రేషన్ హక్కుకన్నా పైది.

కానీ ‘విడవకుండా’ అన్న మాట దగ్గర ఆగండి. 2003లో ఒక బిల్లు, 2019లో ఒక బిల్లు చూపిస్తే మధ్య పదహారేళ్ళు ఏమైందని అడుగుతారు. ఏడాదికి ఒక కాగితమైనా కావాలి.

ఎక్కడ దొరుకుతాయి? కార్బన్ కాపీ ఉన్న పాత బిల్లుబుక్కులు. కవర్లు, లేబుళ్ళు ప్రింట్ చేయించిన ప్రెస్సు బిల్లులు. వీటి విలువ చాలామందికి తెలియదు. ప్రెస్సువాడు బిల్లు మీద మీ బ్రాండు పేరు, ఎన్ని వేలు కొట్టాడో రాస్తాడు, ఆ బిల్లు మీరు తయారుచేసుకున్నది కాదు కాబట్టి కోర్టు నమ్ముతుంది. లారీ ఆఫీసు రసీదులు. జీఎస్టీకి ముందున్న వ్యాట్ కాగితాలు. ఫుడ్ లైసెన్సు. జిల్లా ఎడిషన్‌లో వేయించిన చిన్న ప్రకటన, పేపరు మొత్తం పేజీతో, తేదీ కనిపించేలా. ఎగ్జిబిషన్‌లో స్టాల్ అద్దె రసీదు. గుడి ఉత్సవాల కరపత్రంలో కింద ‘వీరి సౌజన్యంతో’ అని మీ పేరు.

ఇవేవీ లేకపోతే క్యాలెండర్లు వెతకండి. మన ఊళ్ళలో ప్రతి దుకాణం జనవరికి క్యాలెండర్ పంచుతుంది. పైన వెంకటేశ్వరస్వామి, కింద మీ బ్రాండు, ఫోన్ నంబరు. ఏ సంవత్సరానిదో దాని మీదే అచ్చయి ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒకాయన ఇంట్లో బిల్లులన్నీ చెదలు తినేశాయి. వాళ్ళమ్మగారు మాత్రం పాత క్యాలెండర్ల వెనక చాకలి పద్దు రాసుకునేవారు. 2004 నుంచి వరసగా పదకొండు. ఒకవైపు దేవుడు, బ్రాండు పేరు, రెండోవైపు ‘దుప్పట్లు 2, లుంగీలు 4’. ఆ పద్దు కూడా పనికొచ్చింది. నిన్నకాక మొన్న కొట్టించిన క్యాలెండర్ వెనక పాత చాకలి లెక్కలు, ఆ వెలిసిపోయిన సిరా ఎలా వస్తాయి?

ఫోన్‌లో ఉన్న ఫొటోలు, వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్లు ఉత్తినే ఇస్తే సాక్ష్యం కావు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. లాయరు చేయిస్తారు, కానీ ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్ మార్చేయకండి, ఫార్మాట్ చేయకండి.

అన్నీ తేదీల వరుసలో ఒక ఫైల్లో పెట్టండి. పెట్టాక మీ దగ్గరున్న అతి పాత కాగితం తేదీ ఏదో చూసుకోండి. ఇకనుంచి మీ కథ అక్కడినుంచే మొదలవుతుంది. మీ నాన్నగారు 1998లోనే మొదలుపెట్టారని మీకు తెలుసు, నేనూ నమ్ముతాను. కాగితం 2004 నుంచే ఉంటే 2004 అనే చెప్పండి, లేదా 1998 అన్నది కుటుంబంలోని మాటగా విడిగా చెప్పండి. పాత తేదీతో బిల్లు ‘తయారుచేయిద్దాం’ అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. 2005 తేదీ వేసిన బిల్లు మీద 2017లో వచ్చిన జీఎస్టీ నంబరు అచ్చయి ఉండటం నేను కళ్ళారా చూశాను. ఆ ఒక్క బిల్లుతో అసలైన కాగితాల మీద కూడా జడ్జిగారికి నమ్మకం పోయింది.

పేర్లు నిజంగా దగ్గరగా ఉన్నాయా?

ఇది మీకు మీరే, ఇంట్లో కూర్చుని, నిజాయితీగా తేల్చుకోవాలి. కోర్టు రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి తేడాలు లెక్కపెట్టదు. ఎప్పుడో కొన్న పేరు సగం గుర్తున్న మామూలు మనిషి షాపుకొస్తే పొరబడతాడా అని చూస్తుంది. 1962లో ‘అమృతధార’, ‘లక్ష్మణ్‌ధార’ అన్న రెండు మందుల పేర్లు దగ్గరగానే ఉన్నాయని సుప్రీంకోర్టు అంది. అమృతమెక్కడ, లక్ష్మణుడెక్కడ అని మనకు అనిపిస్తుంది. అయినా వినడానికి దగ్గరే అంది. అదే కేసులో ఇంకో మలుపుంది. అమృతధారవాళ్ళు రెండోపేరు సంగతి తెలిసీ చాలాకాలం ఊరుకున్నారు కాబట్టి, ఉత్తరప్రదేశ్ వరకు లక్ష్మణ్‌ధార రిజిస్ట్రేషన్‌ను నిలబెట్టింది.

ఆ కేసు పట్టుకుని ‘ఇన్నాళ్ళూ ఊరుకున్నారు కదా’ అన్న ఒక్క వాదన మీదే కూర్చోకండి. ఉత్త ఆలస్యం చూపించి ఇంజంక్షన్ (వాడకం ఆపమనే కోర్టు ఆర్డరు) తప్పించుకోలేరని 2004లో మైదాస్ హైజీన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళకు మీ గురించి తెలుసని, తెలిసీ ఊరుకున్నారని చూపించాలి.

‘మేం తెలుగులో రాశాం, వాళ్ళది ఇంగ్లిషు’ అన్నది కూడా నిలబడదు. పలికితే ఒకేలా ఉంటే లిపి ఏదైనా ఒకటే. దేవుడి పేరు, పురాణం పేరు అయితే కొంత ఊపిరి ఉంటుంది. అగరబత్తీలకు పెట్టుకున్న ‘రామాయణ్’ అన్న మాట మీద ఒక్కరికే హక్కు ఉండదని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆవకాయ, గోంగూర లాంటి మాటలు సరుకు పేర్లు, ఎవరి సొత్తూ కావు.

ఇదంతా చూసుకున్నాక, పేరుతోపాటు ఆ ఎరుపూ ఆ పసుపూ ఆ మిరపకాయ బొమ్మా కూడా వాళ్ళ ప్యాకెట్ చూసే పెట్టించామని మీకే తెలిస్తే, పోరాడకండి. తిన్నగా రాజీ గురించి రాసిన చోటికి వెళ్ళండి. ఇలాంటి కేసు మీద మీరు పెట్టే ప్రతి రూపాయీ దండగ.

జవాబు

మీ ఊరి లాయరుగారు మంచివారే కావచ్చు, కానీ ట్రేడ్‌మార్క్ దావాలు నడిపినవారిని పట్టుకోండి. ‘కమర్షియల్ దావాలో లిఖితపూర్వక జవాబుకు గడువెంత?’ అని అడగండి. తడుముకుంటే ఇంకొకరిని చూడండి. ఆ గడువు ఎంతో నేను కింద చెబుతాను.

కొందరు లాయర్లు నోటీసుకు జవాబే వద్దంటారు. నేను ఒప్పుకోను. కారణం ఉంది. పెద్ద ఫర్మ్‌ల అసలు ఆయుధం నోటీసు కాదు, ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్. అంటే మీరు లేకుండానే మొదటి రోజే తెచ్చుకునే ఆర్డరు. ఆ రోజు జడ్జిగారి ముందు ఒక్క పక్షమే ఉంటుంది. కానీ మీరు ముందే జవాబిచ్చి, మీ 2004 క్యాలెండర్ కాపీ, ప్రెస్సు బిల్లు కాపీ జతచేసి ఉంటే, వాళ్ళు దాన్ని దావాతోపాటు కోర్టుకు చూపించి తీరాలి. దాచిపెట్టి ఆర్డరు తెచ్చుకుంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 39 రూల్ 4 కింద ఆ దాపరికాన్నే చూపించి రద్దు చేయమని అడగొచ్చు. మీ జవాబు ఉత్తరం వాళ్ళకోసం కాదు, రేపు అది చదవబోయే జడ్జిగారి కోసం.

జవాబు రెండు మూడు పేజీలు దాటక్కర్లేదు. ఎప్పటినుంచి వాడుతున్నారు, ఎక్కడ అమ్ముతున్నారు, వాళ్ళ రికార్డులో దొరికిన తేడా ఏమిటి. కోపం వద్దు, బతిమాలడం వద్దు. స్పీడ్ పోస్టులోనూ ఈమెయిల్లోనూ పంపి రసీదులు దాచండి. ఆధారం లేకుండా బెదిరించారని సెక్షన్ 142 కింద మీరే ఎదురు దావా వేయొచ్చని కొందరు ఉత్సాహపరుస్తారు. వాళ్ళు వెంటనే మీ మీద రిజిస్టర్డ్ మార్కు దావా వేస్తే అది చాలావరకు చల్లారిపోతుంది, కాబట్టి నేను చాలా అరుదుగా వేయిస్తాను.

అదే వారంలో కేవియట్

నోటీసు వచ్చాక తక్కువ ఖర్చుతో చేయగలిగే అతి ముఖ్యమైన పని ఇది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద ‘నా మీద దావా పడితే నన్ను వినకుండా ఆర్డరు ఇవ్వొద్దు’ అని కోర్టులో ముందే ఒక కాగితం పెట్టడం. తొంభై రోజులు పనిచేస్తుంది, ఆ తర్వాత మళ్ళీ వేసుకోవాలి. కాపీ అవతలివాళ్ళకు రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో పంపాలి.

ఎక్కడ వేయాలన్నదే చిక్కు. దావా పడే చోట వేయాలి. ఢిల్లీలో దావా విలువ రెండు కోట్లు దాటితే హైకోర్టు, దానికి లోపలైతే జిల్లా కమర్షియల్ కోర్టులు. పెద్ద ఫర్మ్‌లు సాధారణంగా హైకోర్టులో ఉన్న ఐపీ డివిజన్‌కే వెళ్తాయి. 2021లో ఐపీ అప్పిలేట్ బోర్డును ఎత్తేశాక ఏర్పడిన విభాగం అది, ఈ కేసులే చూస్తుంది. అక్కడికి వెళ్ళాలంటే రెండు కోట్ల గడప దాటాలి కాబట్టి దావాలో ‘రెండు కోట్ల పైచిలుకు నష్టపరిహారం’ అని ఉంటుంది. ఆ అంకె చూసి రాత్రిళ్ళు నిద్రపోనివాళ్ళు ఉన్నారు. చాలాసార్లు అది ఆ కోర్టు గుమ్మంలోకి అడుగుపెట్టడానికి రాసిన అంకె, మీరు కట్టబోయేది కాదు.

‘మేం ఆంధ్రలో అమ్ముకుంటుంటే ఢిల్లీలో ఎలా వేస్తారు?’ అని అందరూ అడుగుతారు. సెక్షన్ 134 వాది తాను వ్యాపారం చేసే చోటే దావా వేసుకోవచ్చంటుంది. అయితే తగాదా పుట్టిన ఊళ్ళోనే తమకూ ఆఫీసు ఉన్నప్పుడు దాన్ని వదిలి దూరంగా వేయడం కుదరదని 2015లో సంజయ్ దాలియా కేసులో సుప్రీంకోర్టు హద్దు పెట్టింది. 2009 నాటి బనియన్ ట్రీ కేసు మనకు ఇంకా దగ్గరిది. అందులో ప్రతివాదులు హైదరాబాద్‌వాళ్ళు. వెబ్‌సైట్ ఢిల్లీలో తెరుచుకుంటుంది అన్నంత మాత్రాన ఢిల్లీ కోర్టుకు అధికారం రాదని, వలేసి చేయించిన ఒక్క లావాదేవీ చాలదని ఢిల్లీ హైకోర్టే చెప్పింది. ఆ అరకిలో కారం కొరియర్ గుర్తుందిగా? ఈ అభ్యంతరం మీ జవాబులో తప్పక ఉండాలి. కానీ మొదటి వాయిదాలోనే కేసు ఇక్కడికి వచ్చేస్తుందని ఆశపడకండి.

దావా పడ్డాక

చట్టం ప్రకారం కమర్షియల్ దావాకు ముందు మధ్యవర్తిత్వం జరగాలి. అత్యవసరంగా ఇంజంక్షన్ అడిగితే ఆ మెట్టు దాటేయొచ్చు. వీళ్ళు దాదాపు ఎప్పుడూ అలాగే అడుగుతారు, కాబట్టి దావా సంగతి హఠాత్తుగానే తెలుస్తుంది. సమన్లు ఈమెయిల్లో, వాట్సాప్‌లో కూడా వస్తాయి. స్పామ్ ఫోల్డర్ చూస్తూ ఉండండి.

సమన్లు అందిన రోజు నుంచి ముప్పై రోజుల్లో లిఖితపూర్వక జవాబు వేయాలి. కోర్టు అనుమతిస్తే నూట ఇరవై రోజుల దాకా. నూట ఇరవై ఒకటో రోజున ఎంత గొప్ప జవాబు తెచ్చినా తీసుకోరు. 2019లో సుప్రీంకోర్టు ఇది ఖాయం చేసింది. మామూలు సివిల్ కేసుల్లో వాయిదాలకు అలవాటుపడ్డ లాయర్లు దెబ్బతినేది ఇక్కడే. ఢిల్లీ హైకోర్టులో ఇంకో మెలిక: వాళ్ళ ఒక్కో డాక్యుమెంటును ఒప్పుకుంటున్నారా కాదంటున్నారా అని చెప్పే అఫిడవిట్ కూడా జతచేయకపోతే జవాబును రికార్డులోకి తీసుకోరు. మీ కాగితాలన్నీ కూడా అప్పుడే వేయాలి. అటక ముందే ఎక్కమన్నది ఇందుకే.

ఇంజంక్షన్ వచ్చేసి ఉంటే, ఆ నిమిషం నుంచి ఆ పేరుతో ఒక్క ప్యాకెట్ కూడా అమ్మొద్దు. ఆర్డరు తప్పని మీకు ఎంత నమ్మకమున్నా సరే. ధిక్కరిస్తే ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంది. రద్దు కోసం అదే జడ్జిగారి ముందు గట్టిగా పోరాడండి. ‘అప్పీల్లో చూసుకుందాం’ అన్న ధీమా వద్దు. కింది కోర్టు తన విచక్షణతో ఇచ్చిన ఇలాంటి మధ్యంతర ఆర్డర్లలో పై కోర్టు ఊరికే చేయి పెట్టదని 1990లో వాండర్ కేసు నుంచి స్థిరపడిపోయింది. ఢిల్లీ హైకోర్టులో విచారణ వీడియోలో కూడా చూడొచ్చు, ప్రతి వాయిదాకూ రైలెక్కక్కర్లేదు.

గోడౌన్‌కి కమిషనర్ వస్తే

పొద్దున్నే, చెప్పకుండా వస్తారు. లోకల్ కమిషనర్ అంటే కోర్టు పంపిన లాయరు. వెంట అవతలి ఫర్మ్ మనిషి, అవసరమైతే పోలీసులు. ముందు కోర్టు ఆర్డరు కాపీ అడిగి తీసుకోండి. ఏ చిరునామా రాసి ఉంది, ఏం చేయమని ఉంది చదవండి. చదువుతూనే మీ లాయరుకు ఫోన్ చేయండి. తలుపు మాత్రం వేయకండి.

ఇలాంటి ఒకదానికి నేను ఫర్మ్ తరఫున వెళ్ళాను. ముందు గదిలో యజమాని మాకు టీ ఇప్పిస్తుంటే వెనక గేటులోంచి ఆయన కొడుకు ఆటోలో పెట్టెలు పంపించేస్తున్నాడు. కమిషనర్ మూడో గుక్క తాగుతూ కిటికీలోంచి చూశారు. రిపోర్టులో ఆటో నంబరుతో సహా రాశారు. వాళ్ళ కేసు నిజానికి బాగానే ఉండేది.

సరుకు లెక్కపెడుతుంటే పక్కనే నిలబడి మీరూ లెక్కపెట్టండి. బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు జాబితాలో పడేలా చూడండి. పచ్చళ్ళు, పొడులు పాడయ్యేవి కాబట్టి ఆ తేదీలే తర్వాత మీకు అక్కరకొస్తాయి. వేరే పేరుతో ఉన్న సరుకును సీలు చేయబోతే మర్యాదగా అభ్యంతరం చెప్పి, అది రాయమని అడగండి. సాధారణంగా సీలు వేసిన సరుకును మీకే అప్పగించి, కోర్టు అడిగినప్పుడు తెస్తానని సంతకం తీసుకుంటారు. దాన్ని సుపర్దారీ అంటారు. చదవని కాగితం మీద సంతకం పెట్టకండి, చదివిన తర్వాత పెట్టనని మొండికేయకండి.

రాజీ

ఈ కేసుల్లో చాలా భాగం ఇక్కడికే వస్తాయి. ఢిల్లీ హైకోర్టుకు ‘సమాధాన్’ అని సొంత మధ్యవర్తిత్వ కేంద్రం ఉంది. పెద్ద కంపెనీకి మీ డబ్బు మీద ఆశ ఉండదు, పేరు ఆపించాలని ఉంటుంది. కాబట్టి నష్టపరిహారం, ఖర్చులు వదిలేయమంటే తరచుగా వదిలేస్తారు. మీరు బేరమాడాల్సింది వేరే వాటి మీద.

ఒకటి గడువు. ఉన్న సరుకు అమ్ముకోవడానికి, ప్రింటయిన కవర్లు వాడుకోవడానికి టైం అడగండి. మొదటి ముసాయిదాలో ‘తక్షణం’ అని ఉంటుంది. గోడౌన్‌లో ఎన్ని కవర్లున్నాయో అంకె చెప్పి అడిగితే కొన్ని నెలలు ఇవ్వడం మామూలే. ‘కొంత స్టాకుంది సార్’ అంటే ఎవరూ ఇవ్వరు.

రెండోది ఆ హామీపత్రం వాక్యం. ‘ఈ పేరునుగానీ, దీన్ని పోలిన మరే పేరునుగానీ, ఏ సరుకుకుగానీ, ఎప్పటికీ’ అని ఉంటుంది. నేను డజన్లకొద్దీ అలాగే టైపు చేశాను, కాబట్టి అది ఎంత వెడల్పుగా ఉంటుందో తెలుసు. మీరు రేపు పెట్టుకోబోయే కొత్త పేరు కూడా దీని కింద పడొచ్చు. అందుకే కొత్త పేరు, కొత్త లేబుల్ ముందే తయారుచేసి, దాన్ని ఒప్పందానికి అనుబంధంగా జతచేసి, ‘దీనికి వాదికి అభ్యంతరం లేదు’ అని రాయించుకోండి. మీ కాగితాలు బలంగా ఉంటే పేరు వదలకుండానే మీ జిల్లాల వరకు, మీ సరుకు వరకు అని ఒప్పందం కుదిరే అవకాశమూ ఉంది. నోటీసు వచ్చిన వారం ఫోన్ చేసి బతిమాలినవాళ్ళకు అది దొరకదు.

ఒప్పందం డిక్రీ అయ్యాక కొత్త పేరుకు దరఖాస్తు పెట్టండి. మన రెండు రాష్ట్రాలకూ చెన్నై ఆఫీసు. వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయలు, మిగతావాళ్ళకు 9,000. ఏజెంటు తొందరలో వాడకం గడిలో ‘వాడబోతున్నాం’ అని కొట్టేస్తాడు, అఫిడవిట్ పని తప్పుతుందని. అప్పటికే కొత్త పేరుతో మొదటి లోడు వెళ్ళి ఉంటే ఆ తేదీయే వేయించండి, ఆ లారీ రసీదు జతచేయించండి. వచ్చే జనవరికి కొత్త పేరుతో క్యాలెండర్లు కొట్టించినప్పుడు ఒకటి తీసి బీరువాలో పెట్టండి. వెనక చాకలి పద్దు రాసుకున్నా ఫరవాలేదు.